అడవి, పార్కు, ఊరు: ప్రకృతి పరిరక్షణలో ఉద్యోగం కోరుకునేవారికి సమగ్ర మార్గదర్శి

తెలుగు రాష్ట్రాల్లో ఇంటర్మీడియట్‌లోనో డిగ్రీలోనో ఉండి, అడవుల మీద, పక్షుల మీద, చెరువుల మీద ఇష్టంతో ఈ రంగంలోకి రావాలనుకునే యువతకు పెద్దలు ఇచ్చే సలహా చాలావరకు ఒకటే: అటవీశాఖ నోటిఫికేషన్ పడేదాకా కోచింగ్ తీసుకోమని. ఆ దారిలో వెళ్లి స్థిరపడినవారు ఎందరో ఉన్నారు. అయితే ఆ నోటిఫికేషన్లు ఏటా రావు. వచ్చినప్పుడు పోటీ తీవ్రంగా ఉంటుంది. పైగా పరీక్ష రాసి నెగ్గినవారిలో కొందరు మొదటి పోస్టింగులోనే, తాము ఊహించుకున్న పని ఇది కాదని గ్రహిస్తారు. కనుక ఈ మార్గదర్శి వేరొక వరుసను సూచిస్తుంది. ముందుగా ఒక చోటును బాగా తెలుసుకోవాలి, ఆ చోటుతో ముడిపడిన మనుషులను తెలుసుకోవాలి, ఆ తర్వాతే ఏ చదువు, ఏ పరీక్ష, ఏ సంస్థ అన్నది తేల్చుకోవాలి. పులుల అభయారణ్యంలోనైనా, నగరంలోని పార్కులోనైనా, ఊరి చెరువు గట్టు మీదనైనా ఇక్కడ ఏమేమి బతుకుతున్నాయి, వాటి పక్కన ఎవరెవరు బతుకుతున్నారు అన్న రెండు ప్రశ్నలు రోజూ ఎదురవుతాయి. వాటికి తన సొంత పరిశీలనతో జవాబు చెప్పగలిగే అభ్యర్థికి ఏ సంస్థలోనైనా గౌరవం దొరుకుతుంది.

మొదటి మెట్టు: పని ఎలా ఉంటుందో దగ్గరగా చూడండి

ఈ రంగంలోని ఉద్యోగాలు స్థూలంగా నాలుగు రకాలు. అటవీశాఖలో రక్షణ, యాజమాన్యం. విశ్వవిద్యాలయాలు, పరిశోధన సంస్థల్లో శాస్త్రీయ అధ్యయనం. జంతు ప్రదర్శనశాలలు, నగర వనాలు, మునిసిపల్ పార్కుల నిర్వహణ. స్వచ్ఛంద సంస్థల్లో, ప్రభుత్వ పథకాల్లో ప్రజలతో కలిసి చేసే అవగాహన, జీవనోపాధి కార్యక్రమాలు. ఒకదాని నుంచి ఇంకొకదానికి మారడం సాధ్యమే, చాలామంది మారుతూనే ఉంటారు.

బయటివారికి అంతగా కనిపించని సంగతి ఏమిటంటే, వీటిలో ఏదీ రోజంతా అడవిలో తిరిగే పని కాదు. అడవిలో ఒక చిన్న భాగానికి (బీట్‌కు) బాధ్యుడైన బీట్ అధికారి వేసవికి ముందే ఫైర్‌లైన్లు (మంట పాకకుండా శుభ్రం చేసిన దారులు) కొట్టించాలి, సాసర్ పిట్లకు (జంతువులు నీళ్లు తాగే లోతులేని తొట్లకు) ట్యాంకర్లతో నీళ్లు పోయించాలి, పొలాల అంచున వేటగాళ్లు పన్నిన ఉచ్చులను, కరెంటు తీగలను వెతికి తీయించాలి, పట్టుకున్న కేసును 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం కోర్టులో నిలబడేలా రాయాలి. ఆ రాతలో సాక్షుల సంతకాలు, స్వాధీన పంచనామా సరిగా లేకపోతే నెలల కష్టం వృథా అవుతుంది. హైదరాబాదు నడిబొడ్డున సుమారు 390 ఎకరాల్లో ఉన్న కాసు బ్రహ్మానందరెడ్డి జాతీయ ఉద్యానవనం వంటి చోట అధికారి సమయంలో పెద్దభాగం నెమళ్ల కంటే మనుషులతోనే గడుస్తుంది: నడకకు వచ్చేవారు, వాహనాలు, ప్లాస్టిక్, ఎండుగడ్డికి నిప్పు అంటుకునే ప్రమాదం. అందువల్ల ఏదైనా నిర్ణయం తీసుకునే ముందు దగ్గరలోని రేంజ్ కార్యాలయానికో, జూకో, సంస్థకో మర్యాదగా ఉత్తరం రాసి, అక్కడ పనిచేసేవారి వెంట కొన్ని రోజులు ఉండటానికి అనుమతి అడగండి. చూసినదాన్ని బట్టి మీ మనసు ఎటు మొగ్గుతుందో మీకే తెలుస్తుంది.

రెండో మెట్టు: ఒక చోటును ఏడాది పొడవునా పరిశీలించండి

ఈ వ్యాసంలోని సలహాల్లో ఒక్కదాన్నే పాటించే వీలుంటే దీన్ని పాటించమని కోరతాను. మీ ఊరి చెరువు, కాలేజీ ఆవరణ, దగ్గరి గుట్ట, కాలనీ పార్కు, ఏదైనా సరే. అక్కడికి వారానికి ఒకసారైనా, ఒకే వేళకు, ఏడాదిపాటు వెళ్లాలి. దూరప్రాంతపు అడవికి వెళ్లి పులి ఫొటో తీసుకురావడం కంటే, ఇంటి పక్క చెరువు గురించి పన్నెండు నెలల నోటు పుస్తకం ఇంటర్వ్యూలో ఎక్కువ మాట్లాడుతుంది. ఎందుకంటే రుతువును బట్టి ఏమి మారుతుందో అది చూపిస్తుంది.

పుస్తకంలో ఎలా రాయాలన్నది కూడా ముఖ్యమే. డిసెంబరులో ఒక ఊరి చెరువు దగ్గర రాసే పేజీ ఇలా ఉండవచ్చు: "ఉదయం 6.40. మంచు, గాలి లేదు. తూర్పు గట్టు తుమ్మచెట్టు మీద నీటికాకులు 14, వాటిలో 3 రెక్కలు ఆరబెట్టుకుంటున్నాయి. తూము దగ్గర లకుముకి పిట్ట 1, మూడుసార్లు దూకి ఒక చేప పట్టింది. బురదలో తీతువు పిట్టలు 2, గొర్రెల మంద రాగానే అరుస్తూ లేచాయి. గుర్రపుడెక్క పడమటి వైపు గత వారం కంటే పాకింది. వల వేస్తున్నవారు ఇద్దరు; ఈ ఏడు చిన్న చేప తగ్గిందని చెప్పారు." ఇందులో సమయం ఉంది, వాతావరణం ఉంది, లెక్క ఉంది, ప్రవర్తన ఉంది, మనుషుల మాట ఉంది. "చాలా పక్షులు కనిపించాయి, ఎంతో బాగుంది" అని రాసిన పేజీ తర్వాత ఎవరికీ, రాసినవారికి సైతం, ఉపయోగపడదు.

పక్షులను ఈబర్డ్‌లో, మొక్కలు, కీటకాలు, ఇతర జీవులను ఐనాచురలిస్ట్‌లో నమోదు చేయండి. రెండూ ఉచిత వెబ్‌సైట్లే, పరిశోధకులు వాటిని నిజంగానే వాడుకుంటారు. ప్రతి జీవికీ మూడు పేర్లు నేర్చుకోవడం అలవాటు చేసుకోండి: మీ ఊళ్లో పిలిచే పేరు, ఇంగ్లిషు పేరు, శాస్త్రీయ నామం. మొదటిది లేకపోతే రైతుతో మాట్లాడలేరు, మూడోది లేకపోతే శాస్త్రవేత్తతో మాట్లాడలేరు. గూడు పెట్టిన పక్షి, గుడ్లగూబ, అరుదైన జీవి కనిపించిన కచ్చితమైన చోటును మాత్రం సామాజిక మాధ్యమాల్లో పెట్టకండి. ఫొటోల కోసం వచ్చే గుంపు, వేటగాళ్లు ఇద్దరూ ఆ సమాచారాన్నే వెతుకుతారు. రిజర్వు అడవిలోకి, అభయారణ్యంలోకి అనుమతి లేకుండా వెళ్లడం నేరమన్నది కూడా గుర్తుంచుకోవాలి; ఈ రంగంలోకి రావాలనుకునేవారి పేరు మీద అలాంటి కేసు ఉండటం కంటే పెద్ద అడ్డంకి లేదు.

మూడో మెట్టు: అనుభవజ్ఞుల తోడు వెతుక్కోండి

ఒంటరిగా నేర్చుకునేది కొంతవరకే. హైదరాబాదులో డెక్కన్ బర్డర్స్ సంస్థ ఆంధ్రప్రదేశ్ పక్షి పరిశీలకుల సంఘంగా 1980లో మొదలై ఇప్పటికీ పక్షి పరిశీలన నడకలు నిర్వహిస్తోంది. నగరపు బండరాళ్లను కాపాడేందుకు 1996లో ఏర్పడిన సంఘం రాళ్ల మధ్య నడకలు ఏర్పాటు చేస్తుంది. కోట్ల ఏళ్ల నాటి ఆ గ్రానైటు శిలలు, వాటి సందుల్లోని మొక్కలు, బల్లులు ఒక పాఠ్యపుస్తకమంత నేర్పుతాయి. ఫ్రెండ్స్ ఆఫ్ స్నేక్స్ సొసైటీ పాములను పట్టి సురక్షితంగా వదలడంలో శిక్షణ పొందిన స్వచ్ఛంద కార్యకర్తలతో పనిచేస్తుంది. విశాఖ తీరంలో ఆలివ్ రిడ్లే తాబేళ్ల గుడ్లను కాపాడే బృందాలు జనవరి నుంచి వేసవి దాకా రాత్రిపూట ఇసుకలో నడుస్తూ, దొరికిన గుడ్లను హేచరీలకు చేరుస్తాయి.

ఏటా జనవరిలో జరిగే ఆసియా నీటిపక్షుల గణన, ఫిబ్రవరిలో నాలుగు రోజులపాటు సాగే పెరటి పక్షుల లెక్కింపు కొత్తవారికి మంచి ప్రవేశ ద్వారాలు. ఒక చెరువు లెక్కింపు బాధ్యతను మీరే అడిగి తీసుకుని, ఏటా చేస్తానని మాట ఇచ్చి నిలబెట్టుకుంటే, రెండు మూడేళ్లలో ఆ జిల్లా పక్షుల గురించి ఎవరికి ఏ సందేహం వచ్చినా మిమ్మల్నే అడుగుతారు. ఈ చిన్న రంగంలో నమ్మకం అలాగే పెరుగుతుంది.

నాలుగో మెట్టు: చదువును ఎంచుకోండి

ఇంటర్మీడియట్ తర్వాత నేరుగా అటవీ శాస్త్రం చదవాలంటే సిద్దిపేట జిల్లా ములుగులోని అటవీ కళాశాల, పరిశోధన సంస్థ ఉంది. ఉద్యానవనాల వైపు ఆసక్తి ఉంటే అదే ములుగులోని శ్రీ కొండా లక్ష్మణ్ ఉద్యాన విశ్వవిద్యాలయం, పశ్చిమ గోదావరి జిల్లా వెంకటరామన్నగూడెంలోని డాక్టర్ వైఎస్సార్ ఉద్యాన విశ్వవిద్యాలయం ఉన్నాయి. సాధారణ బీఎస్సీలో వృక్షశాస్త్రం, జంతుశాస్త్రం తీసుకున్నవారు ఏ విధంగానూ వెనుకబడరు. పీజీ స్థాయిలో డెహ్రాడూన్‌లోని భారత వన్యప్రాణి సంస్థలో వన్యప్రాణి శాస్త్రం, బెంగళూరులోని జాతీయ జీవశాస్త్ర కేంద్రంలో రెండేళ్లకొకసారి ప్రవేశాలు జరిగే వన్యప్రాణి జీవశాస్త్ర కోర్సు, పుదుచ్చేరి విశ్వవిద్యాలయంలో జీవావరణ శాస్త్రం దేశవ్యాప్తంగా పేరున్నవి. సీట్లు తక్కువ. ప్రవేశ సమయంలో మార్కులతోపాటు క్షేత్ర అనుభవాన్నీ అడుగుతారు కనుక రెండో మెట్టులోని నోటు పుస్తకం ఇక్కడ అక్కరకొస్తుంది.

హైదరాబాదులోనే ఎంత విద్వత్తు ఉందో చాలామంది విద్యార్థులకు తెలియదు. అత్తాపూర్‌లో సీసీఎంబీ (కణ, అణు జీవశాస్త్ర కేంద్రం) వారి అంతరించిపోతున్న జీవుల పరిరక్షణ ప్రయోగశాల లాకోన్స్ ఉంది. నెహ్రూ జంతు ప్రదర్శనశాలతో కలిసి అక్కడి శాస్త్రవేత్తలు మూషిక జింకలను పెంచే కార్యక్రమం నడిపారు, అలా పెంచిన జింకలను అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో వదిలారు. దూలపల్లిలో అటవీ జీవవైవిధ్య సంస్థ ఉంది. భారత జంతు సర్వేక్షణ, వృక్ష సర్వేక్షణ సంస్థల కేంద్రాలు కూడా నగరంలో ఉన్నాయి. డిగ్రీ ప్రాజెక్టు కోసం ఎక్కడికో దూరం వెళ్లే ముందు వీటి తలుపు తట్టాలి.

సైన్సు చదవనివారికి ఇక్కడ చోటు లేదన్న అభిప్రాయం సరికాదు. న్యాయశాస్త్రం, సామాజిక సేవ, పశువైద్యం, జర్నలిజం, అర్థశాస్త్రం చదివినవారి కొరత సంస్థల్లో ఎప్పుడూ ఉంటుంది. ఏది చదివినా క్యూజీఐఎస్ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌లో మ్యాపు గీయడం, స్ప్రెడ్‌షీట్‌లో లెక్కలను తప్పుల్లేకుండా నమోదు చేయడం, తెలుగులోనూ ఇంగ్లిషులోనూ రెండేసి పేజీల నివేదిక రాయడం వచ్చి ఉండాలి. తెలుగులో చక్కగా రాయగలిగేవారు ఈ రంగంలో చాలా తక్కువని నా అభిప్రాయం, ఆ లోటు బోర్డుల మీద, కరపత్రాల్లో రోజూ కనిపిస్తూనే ఉంటుంది.

ఐదో మెట్టు: అటవీశాఖ పరీక్షలకు సిద్ధపడటం

బీట్ అధికారి, సెక్షన్ అధికారి, రేంజ్ అధికారి పోస్టులను తెలంగాణలో టీజీపీఎస్సీ, ఆంధ్రప్రదేశ్‌లో ఏపీపీఎస్సీ భర్తీ చేస్తాయి. విద్యార్హతలు పోస్టును బట్టి, రాష్ట్రాన్ని బట్టి, కొన్నిసార్లు నోటిఫికేషన్‌ను బట్టి మారతాయి కనుక పాత ప్రకటనను నమ్ముకోకుండా తాజాదాన్ని పూర్తిగా చదవాలి. బీట్ అధికారి పరీక్షలో జనరల్ స్టడీస్‌తోపాటు పదో తరగతి స్థాయి గణితం ఉంటుంది. గణితాన్ని వదిలేసినవారు అక్కడే వెనుకబడతారు. భారత అటవీ సర్వీసుకు (ఐఎఫ్ఎస్) యూపీఎస్సీ నిర్వహించే ప్రిలిమినరీ సివిల్స్‌తో ఉమ్మడిగా ఉంటుంది, మెయిన్స్ వేరు. వృక్షశాస్త్రం, జంతుశాస్త్రం, గణితం, భౌతిక, రసాయన, భూగర్భ, గణాంక శాస్త్రాల్లో ఒకటి లేదా పశువైద్యం డిగ్రీలో చదివి ఉండాలి, లేదా వ్యవసాయం, అటవీశాస్త్రం, ఇంజినీరింగ్‌లో పట్టా ఉండాలి. ఎంపికైనవారు డెహ్రాడూన్‌లోని ఇందిరాగాంధీ జాతీయ అటవీ అకాడమీలో శిక్షణ పొందుతారు.

రాత పరీక్షంత శ్రద్ధ నడక పరీక్షకూ అవసరం. బీట్ అధికారి అభ్యర్థుల్లో పురుషులు 4 గంటల్లో 25 కిలోమీటర్లు, మహిళలు 16 కిలోమీటర్లు నడవాలి. పురుషుల విషయంలో ఇది కిలోమీటరుకు 9 నిమిషాల 36 సెకన్లు. మామూలు నడక సరిపోదు, పరుగు అక్కరలేదు, ఆగకుండా వడివడిగా సాగే నడక కావాలి. కనీసం నాలుగు నెలల ముందు 8 కిలోమీటర్లతో మొదలుపెట్టి, వారానికోసారి దూరాన్ని కొద్దికొద్దిగా పెంచుకుంటూ పోవడం మంచిది. పరీక్ష రోజు వేసుకునే బూట్లూ మేజోళ్లతోనే సాధన చేయాలి, ఎందుకంటే కొత్త బూట్లు పదిహేనో కిలోమీటరు దగ్గర మడమను కోసేస్తాయి. గుండె, రక్తపోటు పరీక్షలు ముందే చేయించుకోవాలి, తెలతెలవారుతుండగానే సాధన ముగించుకోవాలి. ఎత్తు, ఛాతీ కొలతల నిబంధనలు కూడా ఉంటాయి కాబట్టి దరఖాస్తు రుసుము కట్టే ముందే కొలిపించుకోవాలి.

ఈ ఉద్యోగంలోని ప్రమాదాన్ని దాచకుండా చెప్పాలి. పోడు భూముల వివాదాలు, ఎర్రచందనం స్మగ్లర్లు, కలప రవాణా ముఠాలు బీట్ అధికారికి, రేంజరుకు నిత్యం ఎదురయ్యేవే. 2022 నవంబరులో భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో ఒక రేంజ్ అధికారి పోడు వివాదంలో దాడికి గురై ప్రాణాలు కోల్పోయారు. అటవీ హక్కుల చట్టం 2006లో వచ్చింది. దాన్ని చదవకుండా, ఒక గూడెం వారికి చట్టం ఏ హక్కు ఇచ్చిందో, ఏది ఇవ్వలేదో తెలియకుండా ఆ గూడెంలోకి యూనిఫారంతో అడుగుపెట్టకూడదు. పరీక్షకు అవసరమైన దానికంటే ఎక్కువగా ఈ చట్టాన్ని చదవండి.

ఆరో మెట్టు: పార్కులు, నగర వనాలు

నగరాల్లో చెట్ల పని చేసే విభాగాలు హెచ్ఎండీఏ, జీహెచ్ఎంసీ, ఆంధ్రప్రదేశ్ పట్టణ పచ్చదనం, సుందరీకరణ సంస్థ వంటివాటిలో ఉన్నాయి. వీటికి తోడు నగర వనాలు, కొండాపూర్ బొటానికల్ గార్డెన్ వంటి ఉద్యానవనాలు, జూలలోని విద్యా విభాగాలు. చాలా పోస్టులు కాంట్రాక్టు పద్ధతిలోనే ఉంటాయి.

ఇక్కడ రాణించాలంటే నర్సరీలో చేతులు మట్టి చేసుకోవాలి. వేప గింజ కొద్ది వారాల్లోనే మొలకెత్తే శక్తిని కోల్పోతుంది కాబట్టి పండు రాలగానే గుజ్జు కడిగి విత్తాలి. తుమ్మ గింజ పైపొర గట్టిది, వేడినీళ్లలో నానబెడితే గాని లేవదు. ఇటువంటివి కాంట్రాక్టరును అడిగి తెలుసుకునే అధికారికీ, స్వయంగా తెలిసిన అధికారికీ తేడా మూడో వేసవిలో బతికున్న మొక్కల లెక్కలో బయటపడుతుంది. నాటిన మొక్కల సంఖ్యను ఎవరైనా చెబుతారు. ఇంటర్వ్యూలో బతికిన మొక్కల సంఖ్య గురించి మాట్లాడండి. త్వరగా పచ్చగా కనిపిస్తుందని ఊరూరా నాటిన కొనోకార్పస్ అనే విదేశీ చెట్టును ఇకపై నాటవద్దని తెలంగాణలో చెప్పవలసి వచ్చింది. కానుగ, నేరేడు, రావి, మద్ది, మోదుగ వంటి మన చెట్లకు ఏ నేల, ఎంత నీరు, ఎంత చోటు కావాలో తెలిసినవారి అవసరం అందుకే పెరిగింది.

సందర్శకులు వచ్చే చోట పెద్ద చెట్టును ఎలా కాపాడతారో తెలియాలంటే మహబూబ్‌నగర్ పిల్లలమర్రి చరిత్ర చదవాలి. సుమారు 700 ఏళ్లదని చెప్పే ఆ మర్రికి చెదలు పట్టి కొమ్మలు కూలడంతో, 2017 చివర్లో సందర్శకులను ఆపివేసి, చెదల మందు కలిపిన సెలైన్ సీసాలను కొమ్మలకు వేలాడదీసి చుక్కచుక్కగా ఎక్కించారు, బరువైన కొమ్మలకు ఊతాలు కట్టారు. పార్కు నిర్వాహకుడి పనిలో వైద్యం, ఇంజినీరింగ్, జన నియంత్రణ ఎలా కలిసిపోతాయో చూపడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ మన దగ్గర లేదు.

ఏడో మెట్టు: ప్రజలతో పని నేర్చుకోవడం

మిగిలిన మెట్లన్నీ దీనికోసమేనని నేను నమ్ముతాను. కలివి కోడి అనే అరుదైన పక్షి 1900 తర్వాత ఎవరికీ కనిపించక, అంతరించిపోయిందనే అనుకున్నారు. 1986లో అది కడప జిల్లాలో తిరిగి దొరికింది. బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ శాస్త్రవేత్తలు వెతుకుతుండగా, రాత్రిపూట దాన్ని పట్టి చూపినది ఐతన్న అనే స్థానికుడు. ఆ పొదల్లో రాత్రివేళ ఏమి తిరుగుతుందో అతనికి ముందే తెలుసు. ఆ ఆవిష్కరణ తర్వాతే లంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పడింది, తెలుగుగంగ కాలువ మార్గం మారింది. నల్లమలలో చెంచులు బేస్ క్యాంపుల్లో ఉంటూ పులుల రక్షణలో పాల్గొంటున్నారు. శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురంలో, హిందూపురం ప్రాంతంలోని వీరాపురంలో ఏటా వచ్చే కొంగలను, గూడబాతులను గ్రామస్తులే తరతరాలుగా కాపాడుకుంటున్నారు. ఇలాంటి ఊళ్లకు అవగాహన కల్పించడానికి వెళ్తున్నామనుకునే యువకులు ముందుగా వినడానికి వెళ్లాలి.

మరోవైపు కొల్లేరు ఉంది. 1999లో అభయారణ్యంగా ప్రకటించి, 2002లో అంతర్జాతీయ ప్రాముఖ్యం గల చిత్తడి నేలల రామ్‌సర్ జాబితాలో చేర్చిన ఆ సరస్సులో చేపల చెరువుల గట్లను 2006లో తెగగొట్టారు. సరస్సుకు ఊపిరి వచ్చిన మాట వాస్తవం, వేల కుటుంబాల జీవనోపాధి దెబ్బతిన్న మాటా వాస్తవమే, ఆ చర్చ నేటికీ తెగలేదు. ప్రజలతో పనిచేసేవారు ఈ రెండు వాస్తవాలనూ ఒకే గదిలో కూర్చుని మాట్లాడగలగాలి. మారేడుమిల్లిలో, కోరంగి మడ అడవుల్లో స్థానిక సమితులు పర్యాటకాన్ని నడుపుతున్న తీరును వెళ్లి చూడండి. ఆదాయం ఎవరికి ఎంత చేరుతుందో, లెక్కల పుస్తకం ఎవరి దగ్గర ఉంటుందో అడగండి.

ఇక ఒక కార్యక్రమాన్ని నిర్మించే తీరు. మొదట సమస్యను ఒకే ఒక్క పనిగా కుదించండి. "అడవిని కాపాడుదాం" అన్నది కార్యక్రమం కాదు. "ఇప్పచెట్ల కింద ఆకులకు నిప్పు పెట్టకుండా ఊడ్చి పువ్వు ఏరుకుందాం" అన్నది కార్యక్రమం. మార్చి, ఏప్రిల్ నెలల్లో ఇప్పపువ్వు రాలే వేళ, ఆ తర్వాత తునికాకు సేకరణ వేళ పెట్టే చిన్న మంటలే చాలాచోట్ల అడవిని కాలుస్తాయి. ఆ పని చేసేది ఎక్కువగా మహిళలు, తెల్లవారుజామున. కనుక మధ్యాహ్నం పంచాయతీ ఆఫీసులో మగవారితో పెట్టే సమావేశం వల్ల ఫలితం ఉండదు. ఫిబ్రవరిలోనే మహిళా సంఘాల సమావేశానికి వెళ్లి, ఊడ్చడానికి పట్టే అదనపు శ్రమను ఎలా తగ్గించవచ్చో, వలలు పరిస్తే ఎలా ఉంటుందో వారినే అడగాలి.

రెండోది, మన పండుగల వరుసను అనుసరించి ఏడాది ప్రణాళిక వేసుకోండి. సంక్రాంతికి ముందు గాలిపటాల చైనా మాంజా, హోలీకి ముందు మోదుగ పూలు, కామదహనం మంటల కోసం కొట్టే చెట్లు, వినాయక చవితికి మట్టి విగ్రహాలు, పత్రి కోసం విరిచే కొమ్మలు. దసరాకు పాలపిట్ట దర్శనం శుభమన్న నమ్మకాన్ని ఆసరాగా చేసుకుని కొందరు ఆ పిట్టలను పట్టి, కాళ్లు కట్టి, పంజరాల్లో పెట్టి డబ్బులకు చూపిస్తారు. చాలా పిట్టలు ఆ హింసకే చనిపోతాయి. అక్కడ నమ్మకాన్ని తప్పుపట్టనక్కరలేదు. స్వేచ్ఛగా ఎగిరే పాలపిట్టను పండుగనాడు పొలాల వైపు వెళ్లి చూద్దామని పిలిచి, కుటుంబాలతో నడక ఏర్పాటు చేస్తే పెద్దవాళ్లే ముందుంటారు.

బడి పిల్లల నడక చాలామందికి తొలి అవకాశం. జాతీయ హరిత దళం (విద్యార్థుల పర్యావరణ సంఘం) ఉన్న పాఠశాలలో ఆ బాధ్యత చూసే ఉపాధ్యాయులతో ముందుగా మాట్లాడండి. నలభై మందిని ఒకే గుంపుగా తీసుకువెళ్తే ముందున్న ఎనిమిది మందికే వినబడుతుంది. పది పన్నెండు మంది చొప్పున విడదీసి, ఒక్కో జట్టుకు ఒక పెద్దమనిషిని ఇవ్వాలి. ఒక మర్రిచెట్టు దగ్గర ఇరవై నిమిషాలు ఆగండి. పేర్లు చెప్పడం తర్వాతి సంగతి, ముందు లెక్కించమనండి: ఎన్ని రకాల పిట్టలు వచ్చాయి, కాయలు తిన్నవి ఏవి, పురుగులు తిన్నవి ఏవి, బెరడు మీద చీమలు ఎటు పోతున్నాయి. గోరింక కాయను మింగిందని చూసిన పిల్లవాడు గోడ పగుల్లో మర్రి మొక్క ఎందుకు మొలిచిందో తానే చెబుతాడు. నీళ్లు, టోపీలు, ప్రథమ చికిత్స పెట్టె, తల్లిదండ్రుల అనుమతి పత్రాలు, తేనెతుట్టెలు ఎక్కడున్నాయో ముందురోజే చూసి రావడం, ఇవి లేకుండా బయలుదేరవద్దు.

పాముల విషయంలో శ్రద్ధ ఇంకా ఎక్కువ కావాలి. మన వద్ద ప్రాణాంతకంగా ఎక్కువ కాటేసేవి నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్న పింజర. జెర్రిపోతును, నీటిపామును నాగుపాముగా భావించి కొట్టి చంపడం నిత్యం జరుగుతుంది. మీరు నేర్పవలసినది పామును పట్టడం కాదు. దూరంగా నిలబడి దాని మీద కన్నేసి ఉంచడం, శిక్షణ ఉన్నవారిని పిలవడం, కాటు పడితే మంత్రాలకు, గాయం కోయడానికి, కట్టు బిగించడానికి పోకుండా ఆ భాగాన్ని కదలనివ్వక వెంటనే విషవిరుగుడు ఉన్న ఆసుపత్రికి చేర్చడం, రాత్రి పొలానికి టార్చి, చెప్పులు లేకుండా వెళ్లకపోవడం. పామును మెడలో వేసుకుని ప్రదర్శన ఇచ్చే కార్యక్రమం చూసిన పిల్లలు ఇంటికి వెళ్లి అదే చేయబోతారు. అలాంటి ప్రదర్శనకు ఎవరు పిలిచినా వెళ్లకండి.

చివరగా, ఫలితాన్ని కొలవడం. హాజరైనవారి సంఖ్య, పంచిన కరపత్రాల సంఖ్య నివేదికలో ఉంటాయి గాని వాటివల్ల ఏమి మారిందో తెలియదు. ఆ వేసవిలో ఆ బీట్‌లో ఎన్నిచోట్ల మంటలు లేచాయి, తీసిన ఉచ్చులు ఎన్ని, పాము కనబడినప్పుడు చంపకుండా ఫోను చేసినవారు ఎందరు అన్నవి రాసిపెట్టుకోండి. మొదటి ఏడాది అంకెలు నిరాశపరచవచ్చు, అయినా వాటినే చూపండి.

ఊళ్లలో నిలకడైన పని వెతుకుతున్నవారు జీవవైవిధ్య చట్టం 2002 కింద ఏర్పడిన స్థానిక జీవవైవిధ్య యాజమాన్య కమిటీలను, అవి తయారు చేయవలసిన ప్రజా జీవవైవిధ్య రిజిస్టర్లను గమనించండి. ఊళ్లోని విత్తనాలు, పశువుల జాతులు, మందు మొక్కలు, చేపలు, వాటి గురించి తెలిసినవారి జ్ఞానం, అన్నీ అందులోకి ఎక్కాలి. ఇళ్లలో కూర్చుని పాత పుస్తకాల నుంచి నింపిన రిజిస్టరు ఏ ఊరికీ పనికిరాదు. సంగారెడ్డి జిల్లా అమీన్‌పూర్ చెరువు 2016లో జీవవైవిధ్య వారసత్వ ప్రదేశంగా గుర్తింపు పొందడం వెనుక అక్కడి పక్షుల, మొక్కల నమోదులు ఎంత అవసరమయ్యాయో ఆలోచిస్తే, ఓపికగా రాసిన రిజిస్టరు విలువ అర్థమవుతుంది.

ఎనిమిదో మెట్టు: ఉద్యోగంలో చేరే ముందు అడగవలసినవి

దరఖాస్తులో "ప్రకృతి ప్రేమికుడిని" అన్న వాక్యం తీసివేసి, మీరు పరిశీలించిన చోటులో ఎంతకాలం, ఏమి నమోదు చేశారో రెండు వాక్యాల్లో రాయండి. ఈబర్డ్ జాబితాల లంకె, గీసిన ఒక మ్యాపు, తెలుగులో తయారుచేసిన ఒక కరపత్రం జతచేయండి.

స్వచ్ఛంద సంస్థల్లో తొలి జీతాలు తక్కువ, ప్రాజెక్టు నిధులు ముగియగానే ఉద్యోగమూ ముగుస్తుంది. ఇంటి బాధ్యతలున్నవారు ఆ సంగతి ఇంట్లో ముందే చెప్పి, ఒక ఏడాది ఖర్చుకు ఆధారం చూసుకుని దిగడం మేలు. ప్రేమతో చేసే పని కదా అని జీతం అడగడానికి మొహమాటపడకూడదు. ఒప్పందం చేతికి రాగానే కొన్ని ప్రశ్నలకు రాతపూర్వకంగా జవాబు తీసుకోండి: ప్రాజెక్టు గడువు ఎంత, ప్రమాద బీమా ఉందా, క్షేత్రంలో గాయపడితే ఖర్చు ఎవరిది, రేబిస్ టీకాలు ముందుగా వేయిస్తారా, రాత్రి పనికి ఇద్దరిని పంపుతారా, బండి, పెట్రోలు, బస ఎవరు చూస్తారు. మహిళలు క్షేత్రంలో బస, మరుగుదొడ్డి, వేధింపుల ఫిర్యాదు కమిటీ గురించి విడిగా అడగాలి. ఈ ప్రశ్నలకు విసుక్కునే సంస్థలో చేరనవసరం లేదు. ఆఖరున, మీరు సేకరించే సమాచారం మీద మీ పేరు ఉంటుందా, ఆ నివేదిక తెలుగు ప్రతి సమాచారమిచ్చిన ఊరికి తిరిగి చేరుతుందా అని కూడా అడిగి, ఆ మాటను ఒప్పందంలో రాయించుకోండి.